చేతులు కడిగే పెత్ని

శీతాంశు ఘోషాల్ రాసిన దయ్యాలన్నీ నిజానికి అతని మేనత్తవి. ఆ సంగతి కాట్వా ఊళ్లో అందరికీ తెలుసు, అతనూ ఎప్పుడూ దాచుకోలేదు. మారేడు చెట్టు మీద జందెం వేసుకుని కూర్చునే బ్రహ్మదయ్యం, సంతలో చేపలు కొనుక్కుని ఇంటికి పోయేవాడి వెంటపడి "ఒక్క ముఁక్క ఇయ్యవా" అని ముక్కుతో అడిగే దయ్యం, మనిషిని పేరుపెట్టి ఒక్కసారి మాత్రమే పిలిచి ఊరుకునే నిశి, అన్నీ ఆవిడ నోటినుంచి వచ్చినవే. ఆవిడ చెప్పేది. ఇతను వాటికి కాస్త తల దువ్వి, చొక్కా తొడిగి కలకత్తాకు పంపేవాడు. అక్కడి పిల్లల పత్రికవాళ్లు ఏటా దుర్గాపూజకు ముందు పెద్ద సంచిక వేస్తారు. దయ్యం లేని పూజా సంచికను బెంగాలీ పిల్లలు చేత్తో తాకరు. బళ్లో భూగోళం చెప్పుకునే శీతాంశుకు ఊళ్లో ఉన్న గొప్పంతా ఆ సంచికలోని నాలుగు పేజీలే.

మేనత్త పేరు క్షాంతమణి. ఇంట్లోవాళ్లకీ వీధిలోవాళ్లకీ పిషీ. పదకొండో ఏట మొగుడు పోయి పుట్టింటికి వచ్చింది. అప్పటినుంచీ అంచు లేని తెల్లచీర, కత్తిరించిన జుట్టు, తన పొయ్యి మీద తాను వండుకునే ఒంటిపూట భోజనం, ఏకాదశి నాడు మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం. ఇంట్లో అందరికీ రోజూ చేప. ఆవిడకు మాత్రం చేప వండిన గిన్నె తగిలినా మైలే. ఇంత మడిగా బతికినందుకు ఆవిడకు దక్కిన గౌరవం ఒకటుంది. పేటలో జరిగే దుర్గాపూజకు అమ్మవారి భోగం వండేది పిషీయే. అష్టమి నాడు ఆవిడ వండిన కిచిడీ ముందు అమ్మవారికి, తర్వాత పేటంతటికీ. పసుపుకుంకాలకు పిలవని ఆడమనిషిని ఆ ఒక్క పొయ్యి దగ్గరికి మాత్రం బొట్టుపెట్టినంత మర్యాదగా పిలుచుకువెళ్లేవారు. ఏడాది పొడుగునా ఆవిడ ఎదురుచూసేది ఆ పిలుపు కోసమే.

శీతాంశు తల్లి అతని చిన్నతనంలోనే పోయింది. పెంచింది పిషీయే. వాడు అన్నం తిని లేవగానే కంచు చెంబుతో నీళ్లు తీసుకుని కొలను మెట్ల దగ్గర సిద్ధంగా ఉండేది. పులస పులుసు పూసుకున్న చిన్న చెయ్యిని తన చేతిలోకి తీసుకుని, నీళ్లు పోసే ముందు ఒక్క క్షణం ఆ వేళ్లను మొహం దగ్గర పెట్టుకునేది. కళ్లు మూసుకునేది. తర్వాత శుభ్రంగా కడిగి, చేప ఎంగిలి ముట్టుకుంది కాబట్టి మళ్లీ కొలనులో మునిగి వచ్చేది. పుష్యమాసం చలిలో కూడా. "ఎంగిలి చెయ్యి పనిమనిషి కడగదా, నీకెందుకమ్మా రెండో స్నానం?" అని అందరూ అనేవారు. ఎంత ప్రేమో అని కూడా అనేవారు. వేళ్లు మొహం దగ్గరికి వెళ్లేది ఎందుకో వాడొక్కడికే తెలుసు. వాడు పెద్దయ్యాక పెళ్లయింది, కూతురు ఝూముర్ పుట్టింది. ఇప్పుడు పిషీ చెంబు పట్టుకుని నిలబడేది దాని కోసం.

ఆ ఏడు శీతాంశుకు కథ తట్టలేదు. పిషీ చెప్పిన దయ్యాలన్నీ అయిపోయాయి. సంపాదకుడు కార్డు మీద కార్డు రాస్తున్నాడు. శ్రావణమాసంలో ఒక వాన మధ్యాహ్నం, ఇంటినిండా పులస వేపుడు వాసన, వరండాలో పిషీ ఝూముర్ చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకోవడం కిటికీలోంచి కనబడింది. కలం దానంతట అదే కదిలింది. చేప మీద ఆశ తీరకుండా చచ్చిపోయిన ఒక విధవ, పెత్ని అనే ఆడదయ్యం అయి, మంచి ముసలమ్మ వేషంలో కొలను మెట్ల దగ్గర కూర్చుని పిల్లల చేతులు కడుగుతుంది. కడిగే ముందు వేళ్లు వాసన చూసి "ఆఁహా, పుఁలసే" అంటుంది. వెంటనే బుడుంగున మునుగుతుంది. చివర్లో భూతవైద్యుడు వచ్చి ఎండు మిరపకాయలు కాల్చి, చీపురు తిరగేసి బాదితే, ఊరు వదిలిపోతున్న గుర్తుగా పళ్లతో నీళ్లబిందె కరుచుకుని వెదురుపొదల మీదుగా పారిపోతుంది.

రాస్తూ తనే నవ్వుకున్నాడు. ఎవర్ని రాస్తున్నాడో తెలియక రాశాడనడానికి వీల్లేదు. తెలుసు. కథ బాగా కుదిరిందనీ తెలుసు. బాగా కుదిరినదాన్ని వదులుకోవడానికి మనసొప్పలేదు, అంతే.

సంచిక మహాలయ అమావాస్యకు ముందే వచ్చింది. ఇతని కథే మొదటిది. పక్కన బొమ్మ కూడా వేశారు. తెల్లచీర, కత్తిరించిన జుట్టు, మూరెడు ముక్కు. ఆ బొమ్మ చూడగానే శీతాంశుకు మొదటిసారి భయం వేసింది.

ఆ ఇంట్లో ఒక అలవాటుంది. సంచిక వచ్చిన రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక శీతాంశు తన కథ పైకి చదవాలి. పిషీకి చదువు రాదు. కాళ్లు చాపుకుని, తమలపాకు నములుతూ, తన దయ్యం కలకత్తా వెళ్లి ఎంత నాగరికం నేర్చుకుందో విని ముచ్చటపడుతుంది.

"చదవరా ఖోకా. ఈ ఏడు ఎవర్ని పంపావు?" అంది. నలభై ఆరేళ్లవాణ్ణి ఆవిడ ఇంకా చంటివాణ్ణి పిలిచినట్టే పిలుస్తుంది.

"ఎప్పటిదే పిషీ. పెద్ద బాగాలేదు. రేపు చదువుతాలే."

"బాగాలేదంటే నేను సరిచేస్తాగా. చదువు."

చదవడం మొదలుపెట్టాడు. పెత్ని వచ్చింది. కొలను మెట్లు వచ్చాయి. వేళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక పేరా వదిలేసి కిందికి దూకాడు.

"నాన్నా, వేళ్లు వదిలేశావు!" అంది ఝూముర్. పొద్దున్నే కథ మూడుసార్లు చదివేసుకుని కూర్చుంది అది. "పిషీ, పిషీ, అసలు నవ్వొచ్చేదే అది. ఇలా చెయ్యి పట్టుకుని వాసన చూస్తుందన్నమాట. ఆఁహా, పుఁలసే! అని బుడుంగ్!"

వంటింటి గడపలో నిలబడ్డ లతిక, శీతాంశు భార్య, నవ్వబోయి ఆగింది. పిషీ తమలపాకు నమలడం ఆపలేదు.

"ఊఁ. తర్వాత?"

"తర్వాతేం లేదు పిషీ..."

"పెత్ని ఏమైంది? చదువు."

చీపురు దాకా చదివాడు. చదువుతున్నంతసేపూ కాగితంలోంచి తల ఎత్తలేదు. ఎత్తేసరికి పిషీ లేచి నిలబడి, చీర కుచ్చిళ్లు దులుపుకుంటోంది.

"బాగుంది. బాగానే రాశావు" అని తన గదిలోకి వెళ్లింది. మర్నాడు ఝూముర్ తిని లేచేసరికి కొలను మెట్ల దగ్గర చెంబు ఉంది, పిషీ లేదు.

వారం తిరక్కుండా కాట్వా పిల్లలందరికీ కొత్త ఆట దొరికింది. ఒకడి వేళ్లు ఇంకొకడి ముక్కు కింద పెట్టడం, "ఆఁహా, పుఁలసే" అని అరిచి ఎగిరి కొలనులో దూకడం. మెట్ల మీద బట్టలు పిండుకునే ఆడవాళ్లు మొదట నవ్వారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏళ్ల తరబడి మిట్టమధ్యాహ్నం ఆ మెట్ల మీదే రెండోసారి మునిగే మనిషి ఎవరో వాళ్లకు ఒకరు చెప్పాలా? ముక్కున వేలేసుకున్నారు.

పూజ మొదలయ్యే షష్ఠికి ముందు హేమాంగిని చక్లాదార్ ఇంటికి వచ్చింది. పూజలో ఆడవాళ్ల పనులన్నీ ఆవిడ చేతిమీదుగానే నడుస్తాయి. పిషీ గదిలోకి పోకుండా శీతాంశుతోనే గుమ్మం దగ్గర మాట్లాడింది.

"పిషీకి వయసు మీదపడింది కదా నాయనా. ఆ పొగలో ఏం కూర్చుంటుంది పాపం? ఈ ఏడు భోగం మా చిన్నకోడలు చూసుకుంటుంది. పిషీని విశ్రాంతి తీసుకోమను."

లోపల కొబ్బరి తురుముతున్న చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది. ఆ సాయంత్రం అంతా శీతాంశు ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మర్నాడు పొద్దున పందిరి దగ్గరికి వెళ్లాడు. హేమాంగిని, ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చుని పూలు గుచ్చుతున్నారు.

"కాకీమా, ఒక్క మాట" అన్నాడు, ఆవిడను పినతల్లి వరసలో పిలుస్తాడు. "ఆ కథలో ఉన్నది మా పిషీ కాదు. ఊరికే కల్పించి రాశాను."

హేమాంగిని సూది ఆపి అతని మొహంలోకి చూసింది.

"పిషీ అని మేమెవరమైనా అన్నామా శీతూ? నువ్వే అంటున్నావు."

పూలు గుచ్చేవాళ్లు చీరకొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అక్కడినుంచి ఇంటికి వచ్చిన దారి శీతాంశుకు గుర్తులేదు. ఇంటికి వచ్చేసరికే వార్త అతనికంటే ముందు చేరుకుంది. పిషీ గదిలోంచే అంది, గొంతు పెంచకుండా.

"వెళ్లి చెప్పొచ్చావుటగా నేను కాదని. నువ్వు చెప్పేదాకా సగంమందికి అనుమానమే ఉండేది."

అష్టమి నాడు డప్పులు ఇంటి గోడలు అదిరేలా మోగాయి. పిషీ ఇంట్లోనే ఉండిపోయింది. శీతాంశు భోగం తిని వచ్చాడు. కిచిడీ మామూలుగానే ఉంది. పేటంతా రెండోసారి పెట్టించుకుని తిన్నారు, ఎవరూ పిషీ మాట ఎత్తలేదు. అతనికి అన్నిటికంటే అదే కష్టమనిపించింది.

"ఎలా ఉందిరా భోగం?" అని అడిగింది పిషీ.

"ఉప్పెక్కువైంది."

"అబద్ధం. వాళ్ల కోడలి చెయ్యి మంచిది." కొబ్బరి ఉండ చుడుతూ, తల తిప్పకుండా అంది. "కథల్లో అబద్ధమాడరా అంటే నిజం రాస్తావు. ఇక్కడేమో అబద్ధమాడతావు."

విజయదశమి నాడు కాళ్లకు దండం పెడితే అందరితోపాటు తలమీద గరిక వేసి దీవించింది. తిట్టలేదు, ఏడవలేదు, మాట్లాడటం మానలేదు. తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు. కథలు మాత్రం ఆగిపోయాయి. ఝూముర్ వెళ్లి ఒళ్లో తల పెడితే "అయిపోయాయే తల్లీ, మీ నాన్న దగ్గరున్నాయి అన్నీ" అనేది.

ఇంక శీతాంశు తనకు తోచిన ప్రాయశ్చిత్తం ఒకటి మొదలుపెట్టాడు. చేప మానేశాడు. కంచంలో ముక్క వేయబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఒంట్లో బాగాలేదా?" అంది లతిక. "చేప తినని ఘోషాల్ ఏమిటండీ, రేపు ఊరంతా అడుగుతారు" అంది. ఊరు అడగడానికి ఎంతోసేపు పట్టలేదు. గుమ్మంలోకి వచ్చే చేపలమ్మి రెండు వీధుల అవతలే బుట్ట దించుకుని, మాస్టారు చేపలు మానేశారమ్మా, ఎందుకో పాపం, అని చెప్పుకుపోయింది.

కాళీపూజకు ముందురోజు భూతచతుర్దశి. ఆ రోజు పద్నాలుగు రకాల ఆకుకూరలు కలిపి వండుకుని తినాలి, చీకటి పడగానే పద్నాలుగు దీపాలు పెట్టాలి. పోయిన పెద్దలు వస్తారు, వాళ్లతోపాటు రాకూడనివాళ్లూ వస్తారు. మధ్యాహ్నం పిషీ వరండాలో కూర్చుని ఆకులు ఏరుతోంది. శీతాంశును పిలిచింది.

"ఏరా, చేప మానేశావుట."

"ఇష్టం లేక..."

"పాలపళ్లప్పటినుంచీ ఉన్న ఇష్టం ఇప్పుడెక్కడికి పోయింది? నా కోసం నువ్వు చేప మానితే ఊరికి రెండో కథ దొరుకుతుందిరా. మొదటిది చాలలేదా?"

అతను నేలమీద కూలబడ్డాడు.

"తప్పు చేశాను పిషీ. సిగ్గుతో చచ్చిపోతున్నాను. నీ మొహం చూడలేకపోతున్నాను."

"నీ సిగ్గు తెచ్చి నా ఒళ్లో పోస్తావేం? నాది నాకు చాలినంత ఉంది." కాడలు తుంచి పక్కన పెట్టింది. "నువ్వు అబద్ధం రాసుంటే చెవి మెలేసేదాన్ని. హేమాంగినిని నలుగురిలో నిలబెట్టి కడిగేసి, దర్జాగా పోయి భోగం వండేసి వచ్చేదాన్ని. నిజం రాశావు. దాని ముందు నేనేం మాట్లాడను?"

పిషీ ఇంకో ఆకుకట్ట విప్పింది.

"ఒక్కసారి కూడా నోట్లో పెట్టలేదురా. అమ్మవారి మీద ఒట్టు. పదకొండో ఏట ఆపేశారు. ఆఖరిసారి ఏం చేప తిన్నానో కూడా గుర్తులేదు. ఇదే ఆఖరిదే, చూసుకుని తినవే అని ఎవరూ చెప్పలేదు కదా. వాసన ఒక్కటీ మర్చిపోకుండా ఉంచుకుందామనుకున్నాను. దానికేం మైల ఉంటుందిలే, స్నానం చేస్తున్నాగా అనుకున్నాను. నీకు తెలుసనీ తెలుసు. చంటివాడు, నావాడు, వీడికి తెలిస్తే ఏమిటి అనుకున్నాను."

చిన్నప్పుడు ఆవిడ అలా కళ్లు మూసుకున్నప్పుడు శీతాంశు చెయ్యి లాక్కోకుండా కదలక నిలబడేవాడు. ఎందుకు నిలబడాలో ఎవరూ నేర్పకుండానే అర్థమైంది అప్పుడు. ఇప్పుడు పెద్దవాడై, రచయితై, ఆ అర్థాన్ని బజారున పెట్టి బొమ్మ కూడా వేయించాడు.

"అదీ పోనీ" అంది పిషీ. "చీపురు ఎందుకు పెట్టావురా?"

"ఆఁ?"

"నేను చెప్పిన కథల్లో ఏ దయ్యాన్నయినా కొట్టించానా? చేప అడిగినదానికి ఒక ముక్క వెనక్కి విసిరి 'తిని పో తల్లీ' అంటే అది తిని పోయేది. అన్నిట్లోనూ అంతే. నిన్ను అలాంటి కథలతోనే పెంచాను. నీ పెత్నికి ఒక్క ముక్క విసిరేవాడే దొరకలేదా ఆ ఊళ్లో?"

"చీపురయితే పిల్లలు నవ్వుతారని..."

"నవ్వారుగా" అంది పిషీ, ఆకుల చేట ఎత్తుకుని లోపలికి పోతూ.

అసురసంధ్య వేళ పద్నాలుగు దీపాలూ వెలిగించింది. గుమ్మానికి, తులసికోటకు, బావికి, కొలను మెట్లకు. కొలను చుట్టూ ఇళ్లవాళ్లందరూ మెట్ల మీదే ఉన్నారు, దీపాలు పెట్టుకుంటూ. హేమాంగిని కూడా కోడళ్లతో ఉంది. పిషీ వంటింటి బయట నిలబడి గట్టిగా పిలిచింది.

"అమ్మాయ్ లతికా, పొద్దుటి పులస వేపుడు పెద్దముక్క ఒకటి అరిటాకులో పెట్టి వాడి చేతికివ్వు. ఖోకా! పట్టుకెళ్లి ఆ వెదురుపొద కింద పెట్టిరా. చీపురు దెబ్బలు తిని పోయింది, ఆకలిమీద ఉంటుంది."

శీతాంశు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇప్పుడా, ఇంతమందిలోనా అన్నట్టు చూశాడు. పిషీ చేతిలో దీపం కదల్లేదు. ఆకు అందుకున్నాడు. ఇంటి మెట్లు దిగి కొలను గట్టు మీద నడిచాడు, పంచెకట్టుతో, కళ్లజోడుతో, చేతిలో చేపముక్కతో. తన దగ్గర భూగోళం చదువుకునే పిల్లలు మెట్ల మీద గుంపుగా నిలబడి చూస్తున్నారు.

"ఎవరికి మాస్టారూ అది?" అని అడిగింది హేమాంగిని, చల్లగా.

ఎవరికీ కాదని చెప్పి తప్పించుకోవాలనిపించింది. వెనక పిషీ ఉంది.

"నేను చీపురుతో కొట్టించానే, ఆవిడకి" అన్నాడు.

ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. తల్లి దాని వీపు మీద ఒకటి వేసింది. మిగతావాళ్లు వంగి వత్తులు సరిచేసుకున్నారు. అతను వెదురుపొద కింద ఆకు పెట్టి, అందరికీ వినబడేలా, "తిని పో తల్లీ" అన్నాడు. వెనక్కి చూడకుండా తిరిగి వచ్చాడు. వెనక్కి చూడకూడదని చిన్నప్పుడే నేర్పింది ఆవిడ.

మెట్ల దగ్గర పిషీ కంచు చెంబుతో నిలబడి ఉంది. చాలా రోజుల తర్వాత. శీతాంశుకు దుఃఖం ముంచుకొచ్చింది. చేప అంటిన చెయ్యి చాపాడు. చాపి, కాస్త పైకి ఎత్తాడు, ఆవిడ మొహానికి దగ్గరగా. చిన్నప్పటిలాగే కదలకుండా నిలబడ్డాడు.

పిషీ మొహం పక్కకు తిప్పుకుంది. చెంబు ఎత్తి పట్టుకుని, పైనుంచి ధారగా నీళ్లు పోసింది. చేతికి చెయ్యి తగలనివ్వలేదు.

"ఇంకా చాపుకుని నిలబడ్డావేం? వాసన పోయిందిగా" అంది. "పో, లోపలికి పో. రేపట్నుంచి చేప తిను."

చెంబు బోర్లించి, కొలను మెట్లు పైకి ఎక్కి తన గదిలోకి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఆవిడకు రెండోసారి మునగాల్సిన అవసరం పడలేదు. ఆ తర్వాత ఎప్పుడూ పడలేదు.